చదివిన వృత్తిని కైరోప్రాక్టర్లు ఎందుకు వదిలేస్తారు

డిగ్రీ తరువాత ఇంకో నాలుగేళ్లు శరీర నిర్మాణం మొదలుకొని రేడియాలజీ వరకు చదివి, నాలుగు భాగాల జాతీయ బోర్డు పరీక్షలు గట్టెక్కి, తలకు మించిన అప్పుతో బయటికొచ్చిన అమెరికన్ కైరోప్రాక్టర్ (చేత్తో వెన్నును సర్ది నొప్పులకు చికిత్స చేసేవారు) ఎవరైనా కొన్నేళ్లకే ఆ వృత్తికి దణ్ణం పెట్టేశారని తెలిస్తే, ‘ప్రాక్టీసు నడిచి ఉండదు’ అని తేల్చేయడం అందరికీ అలవాటు. అప్పు బరువు నిజమే, ఏళ్ల తరబడి బలం పెట్టి నొక్కీ నొక్కీ మణికట్లు అరిగిపోవడమూ నిజమే. అయితే రోగులు బాగానే వస్తున్నా వదిలేసిన వారి సంగతి ఎవరూ పట్టించుకోరు.

మామూలు నడుం నొప్పి చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. చేత్తో వెన్నును సర్దే చికిత్స కొంత ఉపశమనం ఇస్తుంది, కానీ ఆ ఉపశమనం వ్యాయామం వంటి ఇతర చికిత్సలు ఇచ్చే దానితో దాదాపు సమానం. కాబట్టి నిజాయితీపరుడైన కైరోప్రాక్టర్ నాలుగైదుసార్లు చూసి, నాలుగు వ్యాయామాలు నేర్పి, ఇక రానక్కర్లేదని చెప్పి పంపాలి. అలా చెప్పిన ప్రతిసారీ నెలవారీ అద్దె కళ్ల ముందు కదలాడుతుంది. అందుకే కొన్ని క్లినిక్కుల్లో తొలిరోజే ఎక్స్‌రే తీసి, అందులో కనిపించే కాస్తపాటి వంకరను చూపించి భయపెట్టి, నెలల తరబడి సాగే ప్యాకేజీకి ముందే డబ్బు కట్టించుకుంటారు. కొత్తగా చేరిన కుర్రడాక్టరుకు అక్కడ మొదట నేర్పేది ఈ బేరమే.

నాకు తెలిసిన ఒకాయనను విసిగించింది ఒక చిన్న చప్పుడు. వెన్ను మీద ఒక్క ఊపున నొక్కినప్పుడు వచ్చే ‘టక్’ అనే శబ్దం కీళ్ల మధ్య ద్రవంలో వాయువు చేసే పని, మెటికలు విరుచుకున్నప్పుడు వినిపించేదీ అదే. బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి మాత్రం ఆ చప్పుడు వినగానే, “ఎముక చోటికి వచ్చేసింది కదండీ?” అని అడుగుతాడు. కాదంటే అతని నమ్మకం సడలుతుంది, అవునంటే అబద్ధమవుతుంది. ఏళ్లపాటు ఆయన ఏమీ అనకుండా చిరునవ్వుతో సరిపెట్టారట.

ఈ ఇబ్బంది వృత్తి పుట్టుకలోనే ఉంది. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో ఈ వృత్తికి ఆద్యుడైన డి.డి. పామర్ ఒక చెవిటి మనిషి వెన్ను సర్ది వినికిడి తెప్పించానని చెప్పుకున్నారు (వినికిడి నాడి అసలు వెన్ను దాకా దిగదన్నది వేరే మాట). చోటు తప్పిన వెన్నుపూసే రోగాలకు మూలమన్న ఆయన ఊహకే ‘సబ్లక్సేషన్’ అని పేరు. అది ఒక చారిత్రక భావన అని, రోగాలకు కారణమనడానికి పరిశోధనల ఆధారం లేదని బ్రిటన్‌లో ఆ వృత్తిని నియంత్రించే మండలే 2010లో ప్రకటించింది. అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా ‘మెడికేర్’ మాత్రం సబ్లక్సేషన్‌ను చేత్తో సరిచేసినందుకు తప్ప కైరోప్రాక్టర్‌కు మరి దేనికీ డబ్బు చెల్లించదు. ఆ మాటను నమ్మనివాడు కూడా బిల్లు మీద దాన్ని రాసి సంతకం పెట్టాల్సిందే!

వదిలేద్దామంటే ఆ పట్టా వేరే వైద్యవృత్తిలో చెల్లదు, నర్సింగో ఫిజియోథెరపీయో మళ్లీ మొదటినుంచి చదువుకోవాలి. అందుకే మనసు విరిగినా చాలామంది అక్కడే ఉండిపోతారని నా అనుమానం. ఆ చప్పుడుతో విసిగిన నా పరిచయస్థుడు మాత్రం తక్కువ జీతానికే ఒక కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు. అస్థిపంజరం ముందు నిలబడి వెన్నుపూసలు లెక్కపెట్టి చూపిస్తుంటే, వాటిలో ఏది చోటు తప్పిందని ఏ విద్యార్థీ ఇంతవరకు అడగలేదని నవ్వుతూ చెప్పారు.