పాట్ మార్టినో: ఆపరేషన్ కథ చాటున పడిపోయిన పాఠం

జాజ్ గిటారిస్ట్ పాట్ మార్టినో పేరెత్తగానే ఎవరైనా ముందు చెప్పేది ఆపరేషన్ గురించే. మెదడులో పుట్టుకతో వచ్చిన రక్తనాళాల లోపానికి 1980లో శస్త్రచికిత్స జరిగింది. గతం చాలావరకు చెరిగిపోయింది. తన రికార్డులు తానే వింటూ గిటార్ మళ్లీ పట్టాడు. 1987లో ‘ది రిటర్న్’ ఆల్బంతో తిరిగొచ్చాడు. అద్భుతమైన కథే, కాదనను. కానీ దాన్నే చెప్పీ చెప్పీ మాస్టారుగా ఆయన ఇచ్చినదాన్ని పక్కన పెట్టేశాం.

1944లో ఫిలడెల్ఫియాలో పుట్టిన మార్టినో గురువు డెన్నిస్ శాండోల్. ప్రఖ్యాత జాజ్ శాక్సఫోనిస్ట్ జాన్ కోల్ట్రేన్ కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. మార్టినో టీనేజ్‌లోనే శాక్సఫోనిస్ట్ విల్లిస్ జాక్సన్, ఆర్గాన్ వాయించే జాక్ మెక్‌డఫ్ లాంటివాళ్ల బృందాల్లో వాయించాడు.

జాజ్ సిద్ధాంతాన్ని చాలామంది పియానో మెట్ల మీద పెట్టి చెబుతారు. గిటార్ వాళ్లు దాన్ని తమ వాద్యానికి ఎలాగోలా సర్దుకోవాలి. మార్టినో నేరుగా ఫ్రెట్‌బోర్డు (గిటార్‌పై వేళ్లు నొక్కే మెట్ల పలక) నుంచే మొదలుపెట్టాడు. ఒక డిమినిష్డ్ సెవెంత్ కార్డ్ తీసుకోండి, అంటే సమాన దూరంలో ఉండి కలిసి మోగే నాలుగు స్వరాల గుత్తి. నాలుగు స్వరాల్లో ఏ ఒక్కదాన్నైనా ఒక ఫ్రెట్ (ఒక మెట్టు) కిందికి దించితే ఒక డొమినెంట్ సెవెంత్ వస్తుంది, జాజ్‌లో తరచూ వినిపించే మరో రకం కార్డ్. అంటే ఒక్క ఆకారంలోంచి నాలుగు. అలాంటి డిమినిష్డ్ కార్డులు ఉన్నవే మూడు కాబట్టి మొత్తం 12 శ్రుతుల డొమినెంట్ సెవెంత్‌లూ వచ్చేస్తాయి. బట్టీ పట్టాల్సిన పని సగానికి సగం తగ్గిపోతుంది!

మనోధర్మానికి ఆయన చూపిన దారి ఇంకా సూటిగా ఉంటుంది: ఏ కార్డ్ వచ్చినా దాన్ని ఒక మైనర్‌గా (విషాదపు ఛాయ ఉన్న స్వరాల వరుసగా) మార్చుకుని ఆలోచించు. జీ సెవెంత్ (జీ స్వరం మీది డొమినెంట్ సెవెంత్) వస్తే డీ మైనర్, సీ మేజర్ వస్తే ఏ మైనర్.

నా పేచీ ఇక్కడే. ఈ పద్ధతి కొత్తవాళ్లకు పనికిరాదు. కార్డ్ స్వరాలు చెవికి పట్టకముందే అన్నిటినీ మైనర్ చేస్తే, కింద ఏ కార్డ్ మారుతోందో తెలియకుండానే వేళ్లు పరుగెడతాయి. ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్‌లోనూ పాఠాలు చెప్పిన ఆయన 2021లో కన్నుమూశాడు. ఫ్రెట్‌బోర్డు పాఠాలకు ఆయన గీసిన బొమ్మలు, పటాలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. వాటిని శ్రద్ధగా సాధన చేసినవాళ్లు చాలామంది ఒకేలా వినిపిస్తారు. మార్టినో అలా వినిపించడు. లావుపాటి తీగల మీద ప్రతి స్వరాన్నీ విడిగా, బరువుగా మీటుతూ, ఎంత వేగంలోనైనా లయను వదలడు. ఆ పట్టు ఆర్గాన్ బృందాలతో వాయించిన రాత్రుల్లో వచ్చింది, ఏ పటంలోనూ దొరకదు.