మా బామ్మర్ది కారుకి ఒక్క పాయింటు ఎక్కువైంది

మొన్న మంగళవారం రాత్రి ఒంటిగంటకి మా బామ్మర్ది పడగ్గది తలుపు బాదాడు. బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్లో ఆ వేళప్పుడు తలుపు కొట్టారంటే ఊళ్లో పెద్దవాళ్లకి ఏదో అయుండాలి, లేదా గ్యాస్ లీకవుతుండాలి. గుండె చిక్కబట్టుకుని తలుపు తీశాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, ఎనిమిది వందల ఒకటి వచ్చింది."

షుగరేమో అనుకుని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. కాదట. కారుకట.

ఫోర్జా హొరైజన్ 5 అని, 2021 నవంబరులో వచ్చిన రేసింగ్ గేమ్. మెక్సికో రోడ్ల మీద ఆడాలి. మీకు తెలియదని కాదు, ఇంటికొకడు ఉన్నాడు, మీ ఇంట్లోవాడి సంగతీ నాకు తెలుసు. అందులో ప్రతి కారుకీ పీఐ అని, పర్ఫార్మెన్స్ ఇండెక్స్, మార్కులుంటాయి. 500 దాకా డి క్లాసు, 600 దాకా సి, 700 దాకా బి, 800 దాకా ఏ, 900 దాకా ఎస్1, 998 దాకా ఎస్2. ఆ పైన 999 ఒక్కటే, అది ఎక్స్. అంటే 800 ఉన్న కారు 'ఏ' క్లాసులో మొనగాడు. 801 వచ్చిందా, ఎస్1లో అట్టడుగున పడి 900 వాళ్ల చేతుల్లో చావుదెబ్బలు తింటుంది. ఎంసెట్ కౌన్సెలింగ్ చూసిన జాతికి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

కారేమో 1963 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. దానికి ఇంజిన్ మార్చాడు, టర్బో పెట్టాడు, నాలుగు చక్రాలూ లాగేలా చేశాడు, బరువు తగ్గించాడు. దానిలో బీటిల్‌ది అంటూ మిగిలింది డొప్ప ఒక్కటే. బయట నిజం కారుకి ఇష్టమొచ్చినట్టు ఇలాంటివి చేయిస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మావాడి లెక్కన ఈపాటికి ఊళ్లో పొలం అమ్మాలి.

సరే, రాత్రి ఒంటిగంటకి మా హాల్లో అత్యవసర సమావేశం మొదలైంది. ముందు టైర్ల వెడల్పు ఒక మెట్టు తగ్గించమని నేనే సలహా ఇచ్చాను, నిద్ర మీద ఆశతో. తగ్గించాడు. 799. హమ్మయ్య అని లేవబోయాను. "ఒక్క పాయింటు ఊరికే పోతోంది బావా!" అన్నాడు, పెళ్లిలో విస్తరి వదిలేసి లేస్తున్నవాణ్ణి చూసినట్టు చూస్తూ. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే 803. తీసేస్తే మళ్లీ 799. ఇంతలో మా ఆవిడ లేచొచ్చింది. చీవాట్లు పెడుతుందనుకున్నాను. "పాపం వాడు" అని పక్కన కూర్చుని రిమ్ములు ఎంచడం మొదలుపెట్టింది. కర్టెన్ల రంగు గురించి పదేళ్లలో నన్నొక్కసారి అడిగిన పాపాన పోలేదు గానీ, తమ్ముడి బీటిల్ రిమ్ముకి మాత్రం బంగారు రంగా, వెండి రంగా అని రెండుసార్లు అడిగింది. రిమ్ము బరువు మారితే పీఐ కూడా మారుతుందట. పద్నాలుగో రిమ్ము దగ్గర, రెండున్నరకి, 800 పడింది. అక్కాతమ్ముళ్లు చప్పట్లు కొట్టుకున్నారు. కింద వాచ్‌మన్ పైకి టార్చి వేశాడు.

"ఇక రేసు పెట్టు, చూద్దాం" అన్నాను.

పట్టుచీర కట్టుకుని చేపల మార్కెట్‌కి రమ్మన్నట్టు చూశాడు నన్ను. "అప్పుడేనా? ఇంకా ట్యూనింగ్ ఉంది." ముందు టైర్లలో గాలి 28.5 పీఎస్‌ఐ ఉండాలా, 28 చాలా అన్నది తేలడానికి ఇంకో రెండు రాత్రులు పట్టింది. చివరికి ఒక్క రేసు ఆడాడు. మొదటి మలుపులోనే గోడని గుద్దాడు. రివైండ్ బటన్ నొక్కి కాలాన్ని వెనక్కి తిప్పాడు. మళ్లీ గుద్దాడు. తప్పు గేర్ రేషియోదని తేల్చి గ్యారేజీకి వెళ్లిపోయాడు. అక్కడే ఉన్నాడు ఇంకా.

ఇదంతా ఏ ఊళ్లో అంటే, 2022లో నగరం నడిబొడ్డున 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టిందని టామ్‌టామ్ లెక్క తేల్చిన ఊళ్లో. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో డి అయినా ఎస్2 అయినా ఒకటే క్లాసు. నన్నడిగితే ఎక్స్ క్లాసు ఒక్క వాటర్ ట్యాంకరుకే ఇవ్వాలి. దానికి అడ్డొచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

శనివారం వాన. కూరగాయలకని వాడి స్కూటరెక్కాను. మున్నేకొళాల మలుపులో, గుంత తప్పించబోతే వెనక చక్రం జర్రున పక్కకి జారింది. కాళ్లు ఆనించి ఎలాగో నిలబడ్డాం. మా వెనకే ట్యాంకరు బ్రేకు కీచుమంది. దిగి వెనక టైరు మీద చెయ్యి పెట్టాను. గుండు కొట్టించినట్టుంది. గాడీ లేదు, గీతా లేదు. నొక్కితే లోపలికి పోతోంది. గాలి ఎప్పుడు కొట్టించావురా అంటే, "సంక్రాంతికి ముందేమో" అన్నాడు. ఇప్పుడు ఆషాఢం!

ఒరేయ్, లేని కారుకి అర పాయింటు గాలి కోసం మూడు రాత్రులు కూర్చున్నావు కదరా. నిన్ను రోజూ మోసే బండికి రెండు నిమిషాలు లేవా? గుంతలు పూడ్చనివాళ్లని తిడదాం, నీకంటే గట్టిగా నేను తిడతాను. కానీ గుంత వాళ్లది, టైరు నీది. ఆ ట్యాంకరు కింద రివైండ్ బటన్ ఎక్కడుంటుందిరా? నీకేమన్నా అయితే నరసరావుపేటకి ఫోన్ చెయ్యాల్సినవాణ్ణి నేను. మీ అమ్మకి ఏమని చెప్పాలి, 800 వచ్చిందత్తయ్యా అనా?

ఇదంతా నడిరోడ్డు మీద, వానలో, అరిచే చెప్పాను. ఇద్దరు ఆటోవాళ్లు ఆగి విన్నారు.

బండి తోసుకుంటూ టైర్ల షాపుకి వెళ్లాం. షాపతను వేలితో టైరు తడిమి, "ఇదన్న టైర్ అంతీరా సార్?" అన్నాడు, దీన్ని టైరంటారా అని కన్నడంలో. కొత్తది పద్దెనిమిది వందలు. అంతా అని మావాడు బేరమాడబోయాడు. నా మొహం చూసి ఇచ్చేశాడు.

తిరిగొచ్చేప్పుడు రెండు మలుపులు తిప్పి చూసుకుని, "గ్రిప్ అదిరింది బావా! పీఐ ముప్పయ్యన్నా పెరిగుంటుంది" అన్నాడు. తర్వాత అద్దంలోంచి నా పొట్ట వైపు చాలాసేపు చూశాడు.

"ఇక మిగిలింది వెయిట్ రిడక్షనే."

దిగి ఆటో పిలిచాను.