గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు

పోయిన ఏడు మే నెలలో, ఒక ఆదివారం పొద్దున్నే నాన్ననీ, మా కుక్క పండునీ తీసుకుని షింగిల్ స్ట్రీట్ వెళ్లాను. ఇంగ్లండ్ తూర్పున, సఫోక్ తీరంలో హోజ్లీ అనే ఊరు దాటాక సన్నటి రోడ్డు ఒకటి చిత్తడి పొలాల మధ్య నుంచి పోయి పోయి సముద్రం దగ్గర ఆగిపోతుంది. ఓర్ నది సముద్రంలో కలిసేది అక్కడే. వరసగా కొన్ని ఇళ్లు, మార్టెల్లో టవర్ అనే ఒక పాత గుండ్రటి కాపలా కోట, ఇక చూపు ఆనినంత దూరం గులకరాళ్లు. కొట్టు లేదు, టీ దొరకదు. 1940లో యుద్ధ భయంతో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. ఇప్పటికీ అక్కడ మనిషి గొంతు కంటే రాళ్ల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. అల వెనక్కి పోయేటప్పుడు రాళ్లన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లుతూ, చేటలో కందులు చెరుగుతున్నట్టు చప్పుడు చేస్తాయి.

పండు కాకర్ స్పానియల్. పొదల్లో దాక్కున్న పిట్టల్ని లేపడానికే ఆ జాతిని తరతరాలుగా పెంచారు. ఎవరూ లేరు కదా అని కారు దిగగానే లీష్, అంటే మెడకి కట్టే తాడు, తీసేశాను. రెండు నిమిషాల్లో అది ఒక చిన్న పిట్ట వెంట పడింది. ఆ పిట్ట ఎగరడం లేదు. ఒక రెక్క నేలకి ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ పరిగెడుతోంది. రెక్క విరిగిందేమోనని నేను అరుస్తూ పరిగెత్తబోతే నాన్న నా భుజం గట్టిగా పట్టుకుని ఆపేశారు.

"దానికేం కాలేదురా. గుడ్ల దగ్గర్నుంచి కుక్కని దూరంగా తీసుకుపోతోంది. గుడ్లు ఇక్కడే ఎక్కడో ఉంటాయి, కాలు కదపకు."

నాన్నది ప్రకాశం జిల్లాలో వ్యవసాయం. ఇంగ్లండ్ రావడం అదే మొదటిసారి, ఆ పిట్టని ఎప్పుడూ చూసింది లేదు. కానీ చేలో తీతువు పిట్టని చూశారు. అది కూడా కటిక నేల మీద, రాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది. మనం దగ్గరికి పోతే గోల గోల చేస్తుంది, మీద మీదకొస్తుంది. అది అరిస్తే అపశకునం అంటారు గానీ, పాపం అది అరిచేది తన గుడ్ల కోసం. తాతయ్య దుక్కి దున్నేటప్పుడు తీతువు గుడ్లు కనపడితే ఆ చోటు వదిలేసి నాగలి పక్క నుంచి తిప్పేవారట.

ఇద్దరం ఉన్నచోటే నిలబడి వెతికాం. నా కుడి బూటుకి రెండడుగుల దూరంలో నాలుగు గుడ్లు. గడ్డి లేదు, పుల్ల లేదు, రాళ్లలో చిన్న గుంట, అంతే. లేత గోధుమ రంగు మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. నాలుగింటి సన్న కొసలూ మధ్యలోకి తిరిగి ఉన్నాయి. చుట్టూ ఉన్న చెకుముకి రాళ్లలో అవి ఎంతగా కలిసిపోయాయంటే, పండుని పిలవడానికి తల తిప్పి మళ్లీ చూస్తే కనపడలేదు. మళ్లీ వెతకాల్సి వచ్చింది.

ఆ పిట్ట పేరు రింగ్డ్ ప్లవర్. పిడికెడు ఉంటుంది. మెడకి నల్ల పట్టీ, నారింజ రంగు కాళ్లు. తీతువుకి దగ్గరి చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. బ్రిటన్‌లో తగ్గిపోతున్న పక్షుల ఎర్ర జాబితాలో ఉంది.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం గట్టిపడింది. మార్చి చివరి నుంచి ఆగస్టు దాకా గులకరాళ్ల తీరంలో కుక్కకి లీష్ తీయకూడదు. మన కుక్క ఎంత మంచిదైనా, ఎంత మాట వినేదైనా సరే.

"మా వాడు పిట్టల జోలికి పోడండీ" అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. నేనూ అలాగే అనేవాణ్ణి. కానీ కుక్క గుడ్డు తినక్కర్లేదు, తొక్కనూ అక్కర్లేదు. అది ఆ చుట్టుపక్కల తిరుగుతున్నంత సేపూ తల్లి గూటికి రాదు. చల్లగాలికి గుడ్లు చల్లారిపోతాయి, ఎండ కాస్తే మాడిపోతాయి. కాకులూ సీగల్సూ పైనుంచి చూస్తూనే ఉంటాయి. మనం పది నిమిషాలు ఆడుకుని వెళ్తాం, మన వెనకే ఇంకో కుక్క వస్తుంది.

ఇందులో ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. జనం ఎక్కువగా వచ్చే చాలా ఇసుక బీచుల్లో మే నుంచి సెప్టెంబర్ దాకా కుక్కల్ని రానివ్వరు. పిల్లలు ఆడుకునే చోటు కాబట్టి ఆ రూల్ సబబే. కానీ అప్పుడు కుక్కలున్నవాళ్లం ఎక్కడికి పోతాం? బోర్డు లేని, మనుషులు లేని రాళ్ల తీరానికే పోతాం. పిట్టలు గుడ్లు పెట్టేదీ సరిగ్గా అప్పుడే. జనం లేని చోటు కావాలని అవి అక్కడికొస్తాయి, జనం లేని చోటు కావాలనే మనమూ అక్కడికే పోతాం. కౌన్సిళ్లు ఒక చోట తలుపు మూసేటప్పుడు, కుక్కలన్నీ ఏ చోటికి పోతాయో కూడా చూసి అక్కడ ఒక బోర్డైనా పెట్టాలి.

చట్టం కొంత వరకు ఉంది. 1981 వైల్డ్‌లైఫ్ చట్టం ప్రకారం కావాలని గూడు పాడుచేయడం నేరం. లిటిల్ టర్న్ లాంటి మరీ అరుదైన పిట్టలకైతే గూటి దగ్గర అలజడి చేసినా నేరమే. 2000 సంవత్సరపు చట్టం ప్రకారం అందరికీ తెరిచిన కొండల్లో, బీళ్లలో మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్కకి రెండు మీటర్ల లోపు లీష్ ఉండాలి. తీరానికి ఆ రూల్ అన్నిచోట్లా అలాగే ఉండదు. కానీ పిట్టకి కొండైనా తీరమైనా కాలం ఒక్కటే కదా.

షింగిల్ స్ట్రీట్‌లో ఇళ్ల దగ్గర్నుంచి నీళ్ల వైపుకి తెల్లటి శంఖు గుల్లలు పేర్చిన పొడవాటి గీత ఒకటుంది. 2005లో ఇద్దరు చిన్ననాటి స్నేహితురాళ్లు, ఇద్దరూ క్యాన్సర్ నుంచి కోలుకుంటున్నవాళ్లు, రోజుకిన్ని గుల్లలు పెట్టుకుంటూ మొదలుపెట్టారు. దాన్ని నేను చూసినన్ని సార్లూ ఎవరూ తొక్కలేదు. పిల్లలు కూడా దాటి నడుస్తారు. కుక్క అటు పోతే వెనక్కి లాగుతారు. కనపడేదాన్ని మనం ఇంత జాగ్రత్తగా చూసుకుంటాం. పక్కనే కనపడకుండా ఉన్న గూటికి ఆ జాగ్రత్త ఎందుకు దొరకదు అన్నదే నా బాధ.

లీష్ వేస్తే ఇక కుక్కకి ఏం సరదా, అంత దూరం డ్రైవ్ చేసుకుని పోవడం ఎందుకు అని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్న. మేం ఇప్పుడు ఆటు మీద, అంటే నీళ్లు వెనక్కి పోయినప్పుడు వెళ్తున్నాం. గూళ్లు అల అందని మెట్ట మీద ఉంటాయి. సీ కేల్ అనే క్యాబేజీ జాతి మొక్కలు మందపాటి ఆకులతో గుబురుగా పెరిగేదీ అక్కడే. కాబట్టి కారు దగ్గర్నుంచి బాటలోనే నడిచి, తడి రాళ్ల దాకా దిగి, నీళ్ల అంచు వెంట నడుస్తాం. పండు ముక్కుకి అక్కడ పనికేం లోటు లేదు. నాచు, పీత డిప్పలు, తాడు ముక్కలు, అన్నీ వాసన చూడాల్సిందే. విరిగిన చెకుముకి అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చాక కాళ్లు చూస్తాను. రాళ్లు విసిరి తెమ్మనే ఆట మానేశాం, కుక్కలు రాళ్లు మింగేసి ఆపరేషన్ దాకా పోతాయి. నది కలిసే మూల దగ్గర ప్రవాహం చాలా బలంగా ఉంటుంది, అక్కడ నీళ్లలోకి దిగనివ్వను. అక్టోబర్ వచ్చాక లీష్ తీస్తే, ఆ చలిగాలిలో చెవులు వెనక్కి పెట్టుకుని అది పరిగెత్తే పరుగు చూడాలి.

ఇదేదో ఇంగ్లీషు వాళ్ల పిచ్చి అనుకోవద్దని మనవాళ్లని అడుగుతున్నాను. మన విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి. ఊరకుక్కలు తవ్వి తినేస్తాయని, అటవీ శాఖ వాళ్లూ ఊళ్లోని మనుషులూ రాత్రిళ్లు తీరం వెంట తిరిగి, ఆ గుడ్లు ఏరి కంచె వేసిన చోట మళ్లీ పాతిపెడతారు. అక్కడ నిద్ర మానుకుని చేస్తున్నారు. ఇక్కడ మనం చేయాల్సింది ఒక కొక్కెం తగిలించడమే. ఈసారి మన తెలుగువాళ్ల అసోసియేషన్ సమ్మర్ ట్రిప్ తీరానికే అయితే, పిలుపులో పార్కింగ్, భోజనాల పక్కనే కుక్కకి లీష్ తీయొద్దన్న ఈ ఒక్క లైను కూడా రాయమని కమిటీ వాళ్లని కోరుతున్నాను.

నాన్న జూన్ మొదట్లో ఇండియా వెళ్లిపోయారు. వెళ్లిన వారానికి ఫోన్ చేసి, మేం ఎలా ఉన్నామని అడక్కముందే "ఆ గుడ్లు పిల్లలయ్యాయా?" అన్నారు. ఆ శనివారమే పండు లేకుండా నేనొక్కణ్ణే వెళ్లాను. గుంట దొరికింది, ఖాళీగా ఉంది. పిల్లలు గుడ్డులోంచి బయటపడ్డ కొన్ని గంటలకే నడుచుకుంటూ వెళ్లిపోతాయి కాబట్టి, బతికాయో కాకుల పాలయ్యాయో ఆ గుంటని చూస్తే తెలియదు. నాన్నకి అదే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వచ్చే ఏడు ఏప్రిల్‌లో మళ్లీ చూడు, ఆ చుట్టుపక్కలే పెడుతుంది" అన్నారు.