పాయింట్ 32 రివాల్వరా, మూడంగుళాల కత్తా?

నదుల అనుసంధానం, నియోజకవర్గాల పునర్విభజన వంటివి దేశానికి ముఖ్యమైన ప్రశ్నలే కావచ్చు. కానీ వాటిని చూసుకోవడానికి కమిటీలున్నాయి. ఏ కమిటీకీ నోచుకోక అనాథగా మిగిలిపోయిన ప్రశ్న ఒకటుంది. ఆత్మరక్షణకు సామాన్యుడు, ముఖ్యంగా సామాన్యురాలు, చిన్న బోరు (అంటే గొట్టం రంధ్రం సన్నగా ఉన్న) చేతి తుపాకీ కొనుక్కోవాలా లేక కత్తితో సరిపెట్టుకోవాలా? ప్రజాహితం కోరి ఆ బాధ్యతను ఈ వ్యాసం నెత్తికెత్తుకుంటోంది.

ఇది పనిలేక పుట్టిన ప్రశ్న కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరువాత దేశమంతా రోడ్డెక్కింది. నెల తిరగ్గానే, 2013 జనవరిలో, ముంబయిలో శివసేన వారు ఆడవాళ్లకు మూడంగుళాల కత్తులు పంచారు. మరో ఏడాదికి, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం స్త్రీల చేతిసంచిలో పట్టేలా ‘నిర్భీక్’ అనే పాయింట్ 32 (బోరు అంగుళంలో దాదాపు మూడో వంతు) రివాల్వరును విడుదల చేసింది. బరువు అరకిలో. అప్పటి ధర 1,22,360 రూపాయలు. ఆ విధంగా స్త్రీల భద్రతను రాజకీయ పక్షం ఉచితంగానూ, ప్రభుత్వం రొక్కానికీ ఇంటికి పంపించాయి. వీధి దీపాలు, రాత్రి పూట బస్సులు, ఫోను ఎత్తే పోలీస్ స్టేషను వంటి చాదస్తాలతో ఇక పనిలేదు. ఎవరి భద్రత వారి సంచిలోనే ఉంది, జిప్పు తీసుకోవడమే తరువాయి.

ముందు రివాల్వరు సంగతి చూద్దాం. అది నగల పెట్టెలాంటి మెరూన్ రంగు పెట్టెలో వస్తుంది. ఆడవారి మనసు కనిపెట్టిన కర్మాగారం అది. ఒక ఆయుధాన్ని కూతురికి పెట్టే సారెలో చలిమిడి పక్కన పొందికగా అమర్చడానికి వీలుగా తయారుచేయడం ప్రపంచ ఆయుధ చరిత్రలో చిన్న విషయం కాదు. ధర చూసి గుండె జారినవారు దాన్ని పెట్టుబడిగా భావించుకోవాలి. కాకపోతే బంగారంలా అవసరానికి తాకట్టు పెట్టుకోవడం మాత్రం కుదరదు.

డబ్బు సమకూరినంత మాత్రాన రివాల్వరు చేతికి రాదు. లైసెన్సు కావాలి. 21 ఏళ్లు నిండాలి. జిల్లాల్లో కలెక్టరుకు, నగరాల్లో పోలీసు కమిషనరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆరోగ్యం, మతి రెండూ బాగున్నాయని డాక్టరు రాసివ్వాలి. తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు కాగితం కావాలి. స్టేషను నుంచి విచారణకు మనిషి వస్తాడు, ఇరుగుపొరుగును అడుగుతాడు. దీనితో సాయంత్రానికల్లా అపార్టుమెంటు మొత్తానికి మూడో అంతస్తు ఆవిడ తుపాకీ కొంటున్నట్టు తెలిసిపోతుంది. ఆత్మరక్షణలో సగం పని అక్కడే పూర్తయిందని నా అంచనా. నీటి ట్యాంకరు దగ్గర ఆ రోజు నుంచి ఆవిడ బిందె ముందు ఎవరూ బిందె పెట్టరు.

అసలు పరీక్ష అధికారి ఎదుట ఉంటుంది. తుపాకీ కోరడానికి తగిన కారణం ఉందని ఆయనకు నమ్మకం కలగాలి. అంటే మనకు ప్రాణభయం ఉందని మనమే రుజువు చేసుకోవాలి. ఇంతవరకు మన మీద దాడి జరగకపోతే భయానికి ఆధారమేదీ అంటారు. జరిగి బతికి బయటపడితే, తుపాకీ లేకుండానే బయటపడ్డారు కదా అంటారు. జరిగి బతకకపోతే, దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలన్న నిబంధన అడ్డొస్తుంది.

పోనీ, ఇన్ని గడపలు దాటినవారికి చిన్న బోరే ఎందుకు, కాస్త పెద్దదే ఇవ్వవచ్చు కదా అని అడిగేవారుంటారు. 9 ఎం.ఎం., పాయింట్ 38 వంటివి నిషిద్ధ బోరు జాబితాలో ఉన్నాయి. అవి పోలీసులకు, సైన్యానికి. మామూలు పౌరుడికి పాయింట్ 32, పాయింట్ 22 మిగులుతాయి. కనుక చిన్న బోరు మన ఎంపిక కాదు, ప్రాప్తం. ఈ ప్రాప్తానికి పెద్ద చరిత్రే ఉంది. 1878లో లిట్టన్ ప్రభువు ఆయుధాల చట్టం తెచ్చి నల్లవారికి లైసెన్సు తప్పనిసరి చేసి తెల్లవారిని మినహాయించాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో మన చట్టం మనమే రాసుకుని ఆ వివక్షను తుడిచేశాం. ఇప్పుడు అందరినీ సమానంగా అనుమానిస్తారు. 2019 సవరణలో ఒక్కొక్కరు ఉంచుకోదగ్గ తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. మనిషికి చేతులు రెండే అన్న సంగతిని పార్లమెంటు గుర్తించడం హర్షణీయం.

లైసెన్సులు దొరకడమే కష్టం అనుకుంటే ఉత్తరప్రదేశ్ వారు నొచ్చుకుంటారు. 2016 చివరికి దేశంలో ఉన్న 33 లక్షల పైచిలుకు లైసెన్సుల్లో 12 లక్షలకు పైగా ఆ ఒక్క రాష్ట్రానివే. ఇంట్లో తుపాకీ ఉంటే నేరం గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరుగుతుందన్న సూత్రం నిజమైతే, అక్కడి పోలీసులు ఈపాటికి స్టేషన్ల ముందు పూలమొక్కలు పెంచుకుంటూ ఉండాలి. 2019 సవరణలోనే పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకు జరిపే కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటూ కొత్తగా చేర్చవలసి వచ్చింది. ప్రాణరక్షణకని తీసుకున్న తూటాల్లో కొన్ని బాజాభజంత్రీల రక్షణకు ఖర్చవుతున్నాయన్న మాట.

ఎన్నికల సంగతి చెప్పకపోతే ఈ చర్చకు నిండుదనం రాదు. ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే లైసెన్సు తుపాకులు స్టేషనులో అప్పగించమని పోలీసులు పిలుస్తారు. ఊళ్లో జీపులు, జెండాలు, సారా, నగదు, చేతికర్రలు ఒక్కసారిగా తిరగడం మొదలయ్యే రోజుల్లోనే పౌరుడి తుపాకీ స్టేషను బీరువాలో విశ్రాంతి తీసుకుంటుంది. ఓట్ల లెక్కింపయ్యాక, భయపడవలసిన కాలం దాటాక, రసీదు చూపించి తెచ్చుకోవచ్చు. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషను మీద పడి తుపాకులు పట్టుకెళుతూ, ఏమేమి తీసుకెళుతున్నదీ రాసి మరీ ఇచ్చాడని చెబుతారు. తెలుగుగడ్డ మీద తుపాకీకి, స్టేషనుకు, రసీదుకు ఉన్న అనుబంధం అంత పాతది. తుపాకీ వెళ్లే దిక్కు మాత్రమే మారింది.

అన్నీ కలిసివచ్చి, లైసెన్సు అంది, ఎన్నికలు లేని రోజు చూసుకుని దుండగుడు దాడికి వచ్చాడనుకుందాం. ఇక్కడ అమెరికా పోలీసులు చేసిన ఒక లెక్క మనకు పనికొస్తుంది. సాల్ట్‌లేక్ సిటీలో డెనిస్ ట్యూలర్ అనే పోలీసు శిక్షకుడు, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని లెక్కతేల్చి 1983లో ప్రకటించాడు. తర్ఫీదు పొందిన పోలీసుకు నడుముకున్న తుపాకీ తీసి కాల్చడానికి దాదాపు అంతే సమయం పడుతుందట. మన రివాల్వరు నడుముకు లేదు, సంచిలో ఉంది. దాని మీద టిఫిన్ డబ్బా ఉంది. డబ్బా పక్కన గొడుగు, గొడుగు కొసకు చుట్టుకున్న ఇయర్‌ఫోను తీగ, అడుగున మందుల చీటీ, రెండు బస్సు టిక్కెట్లు, పాప సగం తిని ఇచ్చిన బిస్కెట్టు పొట్లం ఉన్నాయి. ఇవన్నీ దాటి చెయ్యి రివాల్వరును చేరాలంటే దుండగుడు కనీసం ఫర్లాంగు దూరం నుంచి పరిగెత్తుకు రావాలి, అదీ కాస్త ఆయాసపడుతూ రావాలి.

తుపాకీ వల్ల కాదనుకున్నవారికి కత్తి ఉంది. దీనికి దరఖాస్తు అక్కరలేదు, స్టీలు సామాన్ల కొట్టుకు వెళితే చాలు. కానీ చట్టం కత్తిని కూడా స్కేలు పెట్టి చూసింది. తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండంగుళాల కంటే వెడల్పు ఉన్నది ఆయుధం. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ, శాస్త్ర ప్రయోగాలకూ ఉద్దేశించి చేసినదైతే మాత్రం మినహాయింపు. ఈ మినహాయింపు చదివినప్పుడు నాకు మన కత్తిపీట మీద గౌరవం రెట్టింపయింది. తెలుగింటి వంటగదిలో దానిని మించిన ఆయుధం లేదు. కాలితో తొక్కిపట్టి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని ప్రయోగించగల కత్తి ఇంకే సైన్యంలోనైనా ఉందేమో రక్షణ నిపుణులు చెప్పాలి. దాని లోపం ఒక్కటే. దుండగుడు వచ్చి పీట ముందు కొబ్బరికాయలా కూర్చోవాలి.

మూడంగుళాల కత్తి విషయానికొస్తే, అది పనిచేయాలంటే మనం తప్పించుకోవాలనుకుంటున్న మనిషికి మూడంగుళాల దూరంలోకి మనమే వెళ్లాలి. ఆత్మరక్షణ శాస్త్రంలో ఇంత ఆత్మీయమైన పద్ధతి మరొకటి లేదు. అలవాటు లేని చెయ్యి పిడి మీద నుంచి జారి సొంత వేళ్లే తెగడం సర్వసాధారణమని ఫోరెన్సిక్ వైద్యులకు తెలుసు. మడత కత్తి అయితే ముందు దాన్ని తెరవాలి. గోరు పెట్టి లాగే ఆ చిన్న గాడి, మామిడికాయ కొయ్యాలన్నా ఒక పట్టాన దొరకదు.

ఆయుధం ఏదైనా, వాడే ముందు నేరాలూ శిక్షలూ చెప్పే భారతీయ న్యాయ సంహిత ఒకసారి తిరగేయడం మంచిది. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. ఏయే సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చో 38వ సెక్షను ఏడు రకాలు చెప్పింది. దానికి ముందున్న 37, అవసరానికి మించి హాని చేయకూడదంటుంది. అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కే లేదంటుంది. న్యాయమే. వ్యవధి ఉంటే పోలీసుల దగ్గరికే వెళ్లాలి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతి కనబడక ఇంట్లోవాళ్లు ఆ రాత్రే వెళ్లారు. ఇది మా పరిధి కాదు, ఫలానా స్టేషనుకు వెళ్లండన్నారు. తరువాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ తరువాత హైదరాబాద్ మెట్రోలో ఆడవాళ్లు మిరియాల స్ప్రే తీసుకెళ్లడానికి అనుమతించారు. ఒక ఘోరం జరిగిన ప్రతిసారీ ఆడవాళ్ల సంచి బరువు ఇంత పెరుగుతూ ఉంటుంది. ఇంకెవరి బరువూ పెరగదు.

ఇంతా చేసి కాల్చినా, పొడిచినా మిగిలేది కోర్టే. పంజాబులో ఒక పొలం గొడవలో తండ్రి మీద గండాస (కర్రకు బిగించిన కత్తి) దెబ్బ పడిందని కొడుకు లైసెన్సు తుపాకీ పేల్చాడు. మన ప్రశ్నకు అచ్చంగా సరిపోయే కేసు, ఒకవైపు కత్తి, మరోవైపు తుపాకీ. కింది కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది, 2010లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. ప్రాణం మీదికి వచ్చిన మనిషి తన ఎదురుదెబ్బను అణువణువూ తూచి వేయాలని ఆశించలేమని న్యాయమూర్తులు దర్శన్ సింగ్ కేసుగా పేరొందిన ఆ తీర్పులో దయతలచి చెప్పారు. తూచే పని మూడు కోర్టులు చేసి పెట్టాయి కనుక దెబ్బ కొట్టినవాడికి ఆ శ్రమ తప్పింది.

ఇక తేల్చవలసింది లక్ష్యం ఎవరన్నది. రివాల్వరు కొనేవారి మనసులో ఒక దుండగుడు ఉంటాడు. చీకటి సందు, ముసుగు, ముక్కూమొహం తెలియని మనిషి. జాతీయ నేర గణాంకాల సంస్థ మాత్రం ఏటా ఒకే చప్పిడి నిజాన్ని అచ్చువేస్తుంది. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. స్త్రీల మీద నమోదయ్యే నేరాల్లో అన్నిటికంటే పెద్ద పద్దు భర్త, అత్తింటివారు పెట్టే హింసది. ట్యూలర్ గారు లెక్కగట్టిన 21 అడుగులు మన భోజనాల బల్ల దగ్గర చెల్లవు. ఆ బల్ల పొడవు ఆరడుగులు. అవతల కూర్చున్నవాడు పరిగెత్తుకు రానక్కరలేదు, ఇంకాస్త పప్పు వెయ్యమంటూ చెయ్యి చాస్తే చాలు. మెరూన్ పెట్టె ఉన్న బీరువా తాళంచెవి కూడా సాధారణంగా ఆయన దగ్గరే ఉంటుంది.

లైసెన్సు కోరేవారికి అధికారులు ఈ విషయంలో తెలియకుండానే ఒక వెసులుబాటు కల్పించారు. ఎవరివల్ల ప్రమాదమని అడిగినప్పుడు చాలామంది స్త్రీలు కొత్తగా పేరు వెతకనక్కరలేదు. దరఖాస్తులో సొంత పేరు రాసిన వెంటనే, ఆ కింది గడిలోనే, తల్లిదండ్రుల పేరో భర్త పేరో రాయమని ఉంటుంది.