విశాఖకు ఇసుక, ఉప్పాడకు రాళ్లు

వాయుగుండం పడిందంటే చాలు, కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు మీద టీవీ కెమెరాలు దిగిపోతాయి. గాల్లో వేలాడుతున్న తారు ముక్క, సగం గోడే మిగిలిన ఇల్లు, అలలో ఒరిగిన కరెంటు స్తంభం. 2025 అక్టోబరులో మొంథా తుపాను అప్పుడూ ఇవే దృశ్యాలు. రెండు రోజులు చూపిస్తారు. ఆ తర్వాత లారీల్లో రాళ్లు వస్తాయి. ఆ రాళ్లు ఎన్నిసార్లు వచ్చాయో, ఎన్ని ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే వేళ్లు సరిపోవు. మధ్యలో జియోట్యూబ్ అని ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు కూడా పరిచారు. సముద్రం వాటినీ చింపేసింది. ఇప్పుడు మళ్లీ సముద్రానికి అడ్డంగా రాతి గోడ కట్టే మాట వినిపిస్తోంది.

గోడ వద్దు అని చెప్పడానికే నేను రాస్తున్నాను. ఉప్పాడకు కావలసింది ఇసుక.

ముందు ఈ ఇసుక కథేమిటో చూద్దాం. మన తూర్పు తీరంలో నైరుతి కాలమంతా అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. తాకిన ప్రతిసారీ కాస్త ఇసుకను ఉత్తరానికి జరుపుతాయి. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది కానీ, ఏడాది చివర లెక్క చూస్తే ఇసుక ఉత్తరానికే నడిచినట్టు. అంటే బీచ్ ఒక చోట ఉండేది కాదు, నడిచేది. ఉప్పాడ వాటా ఇసుక గోదావరి నుంచి రావాలి. ఆ నది మీద 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఎగువన ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ వచ్చాం. కట్టిన ప్రతిచోటా నీటితోపాటు ఒండ్రూ ఆగింది. దిగువకు వచ్చిన కాస్త ఇసుకా కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ దగ్గరే పేరుకుంటోంది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఆ ఇసుక దిబ్బ గత రెండు వందల ఏళ్లలో పుట్టి పెరిగిందే. దాని చాటున కాకినాడ రేవు నిశ్చింతగా ఉంది. ఆ చాటు దాటగానే మొదలయ్యే ఊరు ఉప్పాడ. రావలసిన ఇసుక రాదు, ఆపేవాడు లేక అల మాత్రం పూర్తి బలంతో వస్తుంది.

ఇక్కడ రాయి వేస్తే ఏమవుతుంది? ఇసుక ఒడ్డు మీద అల పాకి, అలసిపోయి వెనక్కి పోతుంది. రాతి గోడకు కొట్టుకున్న అల ఇంకా బలం మిగిలి ఉండగానే వెనక్కి తిరిగి గోడ కాళ్ల కింద తవ్వుతుంది. అందుకే ఈసారి వేసిన రాళ్లు వచ్చే తుపానుకు దిగబడిపోతాయి. గోడ ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి కోత మొదలవుతుంది. ఉప్పాడలో గోడ కడితే రేపు మాయాపట్నం, ఎల్లుండి కోనపాపపేట. తీరం పొడవునా గోడ కట్టుకుంటూ పోతామా? కాంట్రాక్టరుకైతే మంచిదే.

దీనికి మందు మనకు తెలియనిదేం కాదు. విశాఖలో ఔటర్ హార్బర్ కట్టినప్పుడు ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోతకు గురైంది. అక్కడ ఏం చేశారు? అడ్డుపడి ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి, గొట్టాల్లో పంపి, బీచ్ మీద పోశారు. ఒకసారి పోసి ఊరుకోలేదు, ఏళ్ల తరబడి పోస్తూనే ఉన్నారు. పుదుచ్చేరిలో కూడా రేవు గోడల వల్ల బీచ్ పోయింది. చాలాకాలం రాళ్లతోనే సరిపెట్టుకున్నారు. చివరికి 2018లో నీటి అడుగున అల జోరు తగ్గించే రీఫ్ (కృత్రిమ దిబ్బ) దించి, ఇసుక పోస్తే మళ్లీ ఒడ్డు కనిపించింది. నగరంలో జనం సాయంత్రం షికారు చేసే బీచ్‌కు ఇసుక, బతుకు మొత్తం బీచ్ మీదే ఉన్న పల్లెకు రాయి. ఈ తేడా ఎందుకో ఏ ఇంజనీరూ చెప్పడు, ఎందుకంటే అది ఇంజనీరింగ్ ప్రశ్న కాదు.

కాకినాడ పోర్టుకు ఓడలు వచ్చే చానెల్‌ను ఎప్పటికప్పుడు తవ్వుతూనే ఉండాలి. తవ్వి తీసిన దాంట్లో ఇసుక ఎంత, బురద ఎంత అని పరీక్ష చేసి, పనికొచ్చేది ఉప్పాడకు ఎందుకు తరలించరు? బురదే ఎక్కువని తేలితే హోప్ ఐలాండ్ వైపు నుంచి తేవచ్చా, తెస్తే ఆ దిబ్బకు నష్టమెంత, అదీ లెక్క తేల్చాలి. ఈ లెక్కలు ముందు జనం ముందు పెట్టి, టెండర్ల సంగతి తర్వాత మాట్లాడండి.

ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. ‘అల గుమ్మంలోకి వస్తుంటే ఇసుక శాస్త్రం చెబుతావేంటయ్యా, రాయి వెయ్యి’ అని ఊరివాళ్లే అడుగుతారు. ఇసుక ఏటా పోయాలి, ఖర్చు ఆగదు అని అధికారులు అంటారు. నిజమే, ఇంటి వెనకాల నాలుగు రాళ్లు అత్యవసరమైతే వేయాల్సిందే. కానీ రాయి మాత్రం ఏటా వేయడం లేదా? అది ఖర్చు కాదా?

నాకు అసలు కోపం తెప్పించేది వేరే. మన పాలకుల కళ్లకు ఒడ్డు అంటే ఖాళీ జాగా. పట్టా ఉండదు, అడంగల్‌లో పేరు ఉండదు కాబట్టి పోరంబోకు. ఒకసారి తెల్లవారుజామున వెళ్లి చూడండి. ఫైబర్ బోటును పది మంది కలిసి ఇసుక మీదికి లాగుతుంటారు. అదే బోటు రాళ్ల మీదికి ఎక్కిస్తే అడుగు చీలిపోతుంది. ఓ పక్క వల పరిచి చిరుగులు కుడుతుంటారు. ఇంకో పక్క ఆడవాళ్లు నెత్తళ్లు ఎండబెట్టి, కాకులు తోలుతూ బేరాలాడుతుంటారు. ఎవరి బోటు ఎక్కడ, ఎవరి వల ఎక్కడ, ఎవరి చేపలు ఎక్కడ అన్నది చిన్నపిల్లాడికి కూడా తెలుసు. గీతలు లేని ఫ్యాక్టరీ అది. గోడ కడితే ముందు పోయేది ఆ ఫ్యాక్టరీయే. ఇల్లు నిలిచి, పని పోతుంది.

లోపలి వైపు మరో ఉప్పాడ ఉంది. 2009లో భౌగోళిక గుర్తింపు దక్కిన జాందానీ చీర నేసేది అక్కడే. ఇద్దరు నేతగాళ్లు పక్కపక్కనే కూర్చుని పోగు పోగుకూ బుటా ఎత్తుతారు. నేతగాడు కాళ్లు పెట్టుకునేది గుంటలో. నేల చెమ్మగిల్లితే గుంట మగ్గం నడవదు. వానాకాలం ముసురుకే పని ఆగిపోయే ఆ ఇళ్లకు సముద్రం ఇంకో వీధి దగ్గరైతే ఏమవుతుందో ఎవరైనా అంచనా వేశారా? ఆ చీర మాత్రం షోరూముల్లో ఉప్పాడ పేరుతోనే అమ్ముడవుతుంది.

చట్టం కూడా మన పక్షానే ఉంది. తీరంలో ఏది కట్టాలో, ఏది కట్టకూడదో చెప్పే సీఆర్‌జెడ్ నిబంధనల 2011 నోటిఫికేషనే తీర ప్రణాళిక మ్యాపుల్లో మత్స్యకార గ్రామాలు, వాళ్ల ఉమ్మడి ఆస్తులు, చేపలు ఎండబెట్టే జాగాలు, ఐస్ ప్లాంట్లు చూపించాలని చెప్పింది. అలా చూపిస్తే గోడ గీసే ఇంజనీరు కింద ఏముందో చూసి గీయాలి. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26కు కోత నివారణకు 1,500 కోట్లు, కోతతో నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్లు విడిగా సిఫార్సు చేసింది. అంటే ఊరు కదలాల్సి రావచ్చని ఢిల్లీలో ముందే ఆలోచించారు. ఇక్కడ ఆ మాట ఎత్తితే మాత్రం ఎవరికో ఒకరికి టెన్షన్. కదలాల్సి వస్తే కదలొచ్చు, కానీ విడివిడిగా కాదు. వీధిని వీధిగా, బోటుకు నడిచి వెళ్లేంత దూరంలోనే. మైళ్ల అవతల కాలనీలో ఇల్లిస్తే, రాత్రి రెండింటికి వేటకు బయల్దేరే మనిషి ఆటో కోసం వెతుక్కోవాలా?

ఈ మధ్య కేంద్రం కొత్త పద్ధతిలో కొలిస్తే ఆంధ్ర తీరం పొడవు 974 నుంచి 1,053 కిలోమీటర్లకు పెరిగింది. ప్రతి మలుపునూ లెక్కలోకి తెచ్చారు కాబట్టి అంకె పెరిగింది, ఒడ్డు మాత్రం పెరగలేదు. అంత సన్నగా కొలవగలిగిన యంత్రాంగం, ఉప్పాడ ఇసుక మీద బోటు లాగే దారి ఎన్ని అడుగులుందో కొలిచి మ్యాపులో పెట్టలేదా? వచ్చే గోడ డిజైను మీద సంతకం పడేలోపు ఆ ఒక్క కొలత చూపించమని అడుగుతున్నాను.