ఫ్రేములోంచి తప్పుకోండి బాబాయ్

గోదావరి డెల్టాలో ఫొటోకి పనికొచ్చే చోటు లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. చోట్లకేం, కావలసినన్ని ఉన్నాయి. ఇబ్బందల్లా మనతోనే. కొబ్బరిచెట్లు ఎక్కడివక్కడ బుద్ధిగా నిలబడ్డాయి, కాలువలు కాటన్ దొర గీసిన దారినే పోతున్నాయి, సూర్యుడు కూడా వేళ తప్పడు. మనం మాత్రం లుంగీ ఎగ్గట్టుకుని, పళ్ళు తోముకుంటూ, సరిగ్గా సూర్యుడు లేచే వేళకి అన్నిటికీ అడ్డంగా వచ్చి నిలబడతాం. దీని మీద సీరియస్‌గా ఆలోచించక తప్పదు.

జర్మనీలో ఆండ్రియాస్ గుర్‌స్కీ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. ఆయన 1999లో రైన్ నదిని ఫొటో తీశాడు. దాదాపు 12 అడుగుల వెడల్పు. అందులో ఏముందంటే, కింద పచ్చగడ్డి, గడ్డి మధ్యలో సన్నటి దారి, తర్వాత నది, అవతల మళ్ళీ గడ్డి, పైన మబ్బు పట్టిన ఆకాశం. అంతే. దాని పేరు 'రైన్ 2'. 2011 నవంబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకంలో 20 కోట్ల రూపాయల పైమాటే. 2022 దాకా వేలంలో ఏ ఫొటో అంతకు మించి పోలేదు.

గడ్డి, గట్టు, నీళ్ళు, మళ్ళీ గట్టు, ముసురు. ధవళేశ్వరం దిగువన ఏ కాలువ మీద నిలబడినా కనిపించేది ఇదే. జూలైలో అయితే పొద్దస్తమానం ఇదే. మరి మన గట్టుకి 20 కోట్లు ఎందుకు రాలేదు? గుర్‌స్కీ పనితనం అక్కడే ఉంది. ఆయన నిలబడిన చోట అవతలి ఒడ్డున ఒక ఫ్యాక్టరీ ఉండేది, కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు తిరుగుతుండేవాళ్ళు. కంప్యూటర్ ముందు కూర్చుని అందరినీ, అన్నిటినీ తుడిచేశాడు. నది ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. ఆ డబ్బంతా తుడిచినందుకు.

మనదగ్గర తుడవవలసిన సరుకు కాస్త ఎక్కువ. వంతెన మొదట్లో పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటుంది. నడిమధ్య నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చెవి దగ్గర ఫోను ఆనించి, ఎవరితోనూ మాట్లాడని ఒక యువనాయకుడు. ఆయన చుట్టూ అభిమానుల తలలు వరసగా, స్టాంపు సైజు నుంచి తమలపాకు సైజు దాకా, ఎవరు ఎంత చందా ఇస్తే అంత తల. ఆ పుట్టినరోజు పోయిన ఏడాదే అయిపోయింది. ఎండకి ఎరుపూ పసుపూ ఎగిరిపోయి నీలం ఒక్కటే మిగిలింది. కులమత భేదం లేకుండా అందరూ నీలమేఘశ్యాములయ్యారు. కాలువలో గుర్రపుడెక్క. కింద నీళ్ళున్నాయని నమ్మకం మీద అనుకోవాలి. డ్రోనుతో పైనుంచి తీసి దాన్నే 'పచ్చ తివాచీ' అని పెడుతున్నారు. ఆ తివాచీ కింద ఆగిపోయిన నీళ్ళ కోసం శివారు రైతు లాకుల దగ్గర పడిగాపులు కాస్తుంటాడు. డ్రోనుకి ఆయన చుక్కంత కనిపిస్తాడు కాబట్టి తుడవడానికి పెద్ద శ్రమ లేదు.

ఈ విద్య కంప్యూటర్లతోనే పుట్టిందనుకోకండి. 1838లో ప్యారిస్‌లో లూయీ డాగెర్ కిటికీలోంచి కింది రోడ్డుని ఫొటో తీశాడు. బండ్లతో, జనంతో కిటకిటలాడే రోడ్డు. ఆ రోజుల్లో బొమ్మ పడాలంటే పలకకి నిమిషాల తరబడి వెలుతురు తగలాలి. కదిలినవాడెవడూ పడలేదు. పట్టపగలు ప్యారిస్ రోడ్డు నిర్మానుష్యం. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒక్కడు కదలకుండా నిలబడ్డాడు, వాడు పడ్డాడు. పాలిష్ చేస్తున్నవాడు లీలగా పడ్డాడు. ఫొటోలోకెక్కిన మొదటి మనుషులు వీళ్ళేనంటారు. అదే కెమెరా మా ఊరి రావిచెట్టుకి ఎదురుగా పెట్టి ఉంటే, చేలకి పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ మాయమైపోయి, చెట్టు కింద పేకాట బ్యాచ్ మాత్రం ముక్కలతో సహా స్పష్టంగా వచ్చేది. పని చేసేవాడు ఫొటోలో పడకూడదన్న నియమం అప్పుడే ఖాయమైంది.

ఇక్కడ ఆ నియమం ఎలా అమలవుతోందో చెబుతాను. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ కోనసీమకి దిగుతున్నారు. ఒక పొద్దున్న కాలువ పక్క చేలో పెళ్ళికూతురి పసుపు గౌను తోకని గట్టు మీద గజాల కొద్దీ పరిచారు. ఆ తోకని గాల్లోకి ఎగరేసి, ఎగరేసిన క్షణంలో పరిగెత్తి కొబ్బరిచెట్టు వెనక దాక్కోవడానికి ప్రత్యేకంగా ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నారు. గాలి తనంతట తాను వీస్తున్నట్టు రావాలి కదా. నాలుగోసారి దాక్కోబోయి వాడు చేలోకి నీళ్ళు పారే బోదెలో పడ్డాడు. అంతలో చేను గలాయన పార భుజాన వేసుకుని వచ్చాడు.

"బాబాయ్ గారూ, కొంచెం పక్కకెళ్తారా, ఫ్రేములో పడుతున్నారు."

"ఫ్రేము మీదేనండి, కాదనం. చేను మాదండి. బోదెకి మట్టేసి పోతానండి, ఆయ్."

మట్టేసి పోతున్నవాణ్ణి వెనక్కి పిలిచారు. ఫొటోగ్రాఫర్‌కి ఐడియా వచ్చిందట. ఆయన చొక్కా తీసేసి, తలపాగా చుట్టుకుని, జంట వెనకాల మసకగా నాగలి పట్టుకుని నిలబడాలి. నాగలి ఊళ్ళో ఎవరింటా లేదు. ట్రాక్టరు ఉందన్నారు, వద్దన్నారు. ఆఖరికి రిసార్టు గుమ్మంలో అలంకారానికి పెట్టిన నాగలిని బైకు మీద పట్టుకొచ్చారు. "బాబాయ్, నవ్వకండి, బాగా కష్టపడుతున్నట్టు మొహం పెట్టండి." ఆయన చాలా ప్రయత్నించాడు. కుదరలేదు. "కష్టపడేటప్పుడు మొహం ఎలాగుంటదో ఎప్పుడూ చూసుకోలేదండి" అన్నాడు.

ఈ వ్యవహారంలో పరాయి దేశాలకి మనంత తెలివి లేదు. జపాన్‌లో ఫుజికవాగుచికో అనే ఊళ్ళో లాసన్ వాళ్ళ చిన్న దుకాణం ఒకటుంది. దాని కప్పు మీద ఫుజి పర్వతం కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆ ఫొటో కోసం ప్రపంచమంతా రోడ్డుకి అడ్డం పడుతోందని 2024 మేలో 20 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల ఎత్తు నల్లటి తెర కట్టారు. రోజులు తిరక్కుండా దానికి సరిగ్గా ఫోను కెమెరా పట్టేంత చిల్లులు పడ్డాయి. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అని వెయ్యిమంది కూడా లేని సరస్సు ఒడ్డు పల్లె ఉంది. వాళ్ళు 2023లో సెల్ఫీలు దిగే చోట చెక్కల కంచె వేసి, గోల తట్టుకోలేక పీకేశారు. ముసుగు కొండకెందుకు? ఊళ్ళోవాళ్ళకి కప్పితే సరిపోయేదని ఎవరికీ తట్టలేదు.

ముసుగంటే గుర్తొచ్చింది. క్రిస్టో, జాన్-క్లోడ్ అనే దంపతులు బెర్లిన్‌లో రైష్‌టాగ్ భవనం మొత్తానికి గుడ్డ చుట్టాలనుకున్నారు. 1971లో అనుకుంటే 1995లో అయింది. మధ్యలో జర్మనీ పార్లమెంటు కూర్చుని చర్చ పెట్టి ఓటింగుకి వెళ్ళింది: 292 మంది చుట్టమన్నారు, 223 మంది వద్దన్నారు. లక్ష చదరపు మీటర్ల గుడ్డ చుట్టి, రెండు వారాలుంచి విప్పేశారు. 50 లక్షల మంది వచ్చి చూశారు. మన దగ్గర ఎన్నికల కోడ్ సాయంత్రం వస్తే తెల్లారేసరికి సెంటర్లో విగ్రహాలన్నిటికీ ముసుగులు పడిపోతాయి. ఒక నిచ్చెన, ఒక పురికొస ఉండ, ఇద్దరు పంచాయతీ మనుషులు. పార్లమెంటు అక్కర్లేదు. పనిలో కష్టం లేదనను. చెయ్యెత్తి దారి చూపించే నాయకుడైతే ఎంత చుట్టినా వేలు బయటికొస్తుంది. ఆ వేలు ఎవరి పార్టీ ఆఫీసు వైపు చూపిస్తోందని మళ్ళీ ఫిర్యాదు. గుడ్డ పసుపుదైతే ఒకళ్ళకి కోపం, నీలమైతే ఇంకొకళ్ళకి, ఎర్రదైతే మిగిలినవాళ్ళకి. చివరికి సిమెంటు బస్తాలు విప్పి కుట్టిన గోనెతో చుడతారు. క్రిస్టోకి 24 ఏళ్ళు పట్టిన పని మనవాళ్ళు రాత్రికి రాత్రి చేసి, పొద్దున్నే కుళాయిలు విప్పడానికి వెళ్ళిపోతారు. చూడటానికి ఎవరూ రారు.

మట్టి విషయానికొద్దాం. న్యూయార్క్‌లో ఊస్టర్ వీధిలో ఒక మేడ మీద గది నిండా మట్టి పోసి ఉంది. 22 అంగుళాల మందం, 127 టన్నుల బరువు. వాల్టర్ డి మరియా అనే కళాకారుడు 1977లో పోయించాడు. దాన్ని తడపడానికి, దంతెతో చదును చేయడానికి, పుట్టగొడుగు మొలిస్తే పీకేయడానికి మనుషుల్ని పెట్టి ఏళ్ళ తరబడి కాపాడుతున్నారు. అందులో ఏదీ మొలవకూడదు. అదే దాని గొప్ప. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని వేల ఎకరాల్లో ఇదే పని చేశారు. వాళ్ళు చేసిన తప్పల్లా కారణాలు చెప్పడం. గిట్టుబాటు లేదని, కూలి పెరిగిందని, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయని వినతిపత్రాలు ఇచ్చారు. నోరు మూసుకుని గట్టు మీద చిన్న బోర్డు పాతి, పేరు కింద సంవత్సరం వేసి ఉంటే అమెరికా నుంచి క్యూరేటర్లు దిగేవాళ్ళు.

1982లో ఆగ్నెస్ డెనెస్ అనే ఆవిడ మన్‌హట్టన్ కొసన, వాల్ స్ట్రీట్‌కి దగ్గర్లో, పూడ్చిన నేలలో 2 ఎకరాల గోధుమ వేసింది. ఆ నేల ఖరీదు అప్పట్లోనే 450 కోట్ల డాలర్లు. పంట వెయ్యి పౌండ్ల పైచిలుకు, అంటే మన 75 కిలోల బస్తాలైతే ఆరు. ఎకరానికి మూడు. వరి వేరు, గోధుమ వేరు, ఒప్పుకుంటాను. అయినా వరి పరిశోధన కేంద్రం ఉన్న మార్టేరులో ఎవరికన్నా ఈ లెక్క చెప్పి చూడండి, "ఏం తెగులండీ?" అనే అడుగుతారు. ఆకలి, భూమి, డబ్బు, వీటిలో మనిషి దేనికి ఎంత విలువ కడుతున్నాడని అడగడానికే ఆవిడ ఆ చేను వేసింది. మంచి ప్రశ్న. మా దగ్గర ఆ ప్రశ్నని పంట పంటకీ ధాన్యం కాటా దగ్గర వేస్తారు, జవాబు కూడా అక్కడే చెప్పేస్తారు. జపాన్‌లో ఇనకదాతె ఊరివాళ్ళయితే 1993 నుంచి రంగురంగుల వరి రకాలతో చేలోనే బొమ్మలు వేసి, చూడటానికి టవర్ కట్టారు. మనమూ వెయ్యొచ్చు. ఎవరి బొమ్మ అన్నది తేలేలోపు నారు ముదిరిపోతుంది.

అరటిపండు సంగతి అందరూ రాసేశారు కాబట్టి త్వరగా ముగిస్తాను. 2019లో మయామీలో గోడకి టేపుతో అంటించిన అరటిపండు ఐడియాకి లక్షా 20 వేల డాలర్లు. 2024లో న్యూయార్క్‌లో సోథెబీస్ వేలంలో 62 లక్షల డాలర్లు. కొన్నాయన పండు తినేశాడు. రావులపాలెం మార్కెట్ యార్డులో గెలలకి గెలలు దింపేవాళ్ళు దీన్ని విని నవ్వారు. ఆ పండుని బయట బండి మీద 35 సెంట్లకి అమ్మిన పెద్దాయన మాత్రం, ఎంతకి పోయిందో విలేకరి చెబితే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వేలం ఫొటోలన్నీ వెతకండి, గోడ ఉంటుంది, టేపు ఉంటుంది, పండు ఉంటుంది.

మా జనాన్ని తుడవడం అన్నివేళలా కుదరదన్నది నిజమే. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకి పదకొండు రుద్రుల ప్రభలు, అంటే వెదురుకి రంగు గుడ్డలు కట్టి భుజాల మీద మోసే ఎత్తైన అలంకారాలు, బయల్దేరితే, గంగలకుర్రు ప్రభల్ని కుర్రాళ్ళు పీకల్లోతు నీళ్ళలో కౌశిక నదిలోంచి దాటిస్తారు. "అశరభ శరభ" అని అరుస్తూ పచ్చటి చేలో పడి తొక్కుకుంటూ పోతారు, చేను గలవాడు పైగా దణ్ణం పెడతాడు. ఏ మూలనుంచి తీసినా ఫ్రేము నిండా జనమే. దీనికి పరిష్కారం 2023లో దొరికింది. రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థమే. ప్రభ చక్రాల మీద హాయిగా సాగిపోయింది. బురద లేదు, కౌశిక లేదు, ఎవడి చేనూ తొక్కలేదు. చాలా నీట్‌గా పడింది.

అందుకని నా ప్రతిపాదన. పొద్దున్న అయిదున్నర నుంచి ఏడున్నర దాకా, మళ్ళీ సూర్యుడు వాలే గంటసేపు డెల్టా జనం గడప దాటకూడదు. గేదెలు రావచ్చు, నీళ్ళలో వాటి వీపులు బాగా పడతాయి, తోలుకొచ్చేవాడు రాకూడదు. దండేల మీద గళ్ళ లుంగీలు ఆరేయరాదు, గాలి ఉన్న రోజున ఎర్ర చీర ఒకటి ఆరేసుకోవచ్చు. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరగొచ్చు, ఎదురు వెలుతురులో తుంపర్లు బంగారంలా వస్తాయి; జనరేటరు మోత వచ్చిన చోట వేణువు వేసుకోవాలి. గోదావరి 17 లక్షల క్యూసెక్కులు దాటి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక, లంకల్లోంచి పడవ ఎక్కేవాళ్ళు ప్లాస్టిక్ బిందెలు వదిలేసి ఇత్తడివి పట్టుకోవాలి. ఇక బొలీవియాలో సలార్ ది ఉయుని అని 10,000 చదరపు కిలోమీటర్ల పైన ఉప్పు మైదానం ఉంది, వానకి నీరు నిలిస్తే ఆకాశమంతా అందులో దిగుతుంది, జనం విమానాలెక్కి వస్తారు. కోతల ముందు తుపాను పడితే మనకీ అచ్చం అలాంటి అద్దమే దొరుకుతుంది. కాకపోతే నీళ్ళలోంచి వరి వెన్నులు పైకి పొడుచుకొచ్చి ప్రతిబింబం చెడగొడుతున్నాయి. వాటిని ఎత్తుకుని కట్టలు కట్టుకోవడానికి దిగే మనుషులు ఇంకా చెడగొడుతున్నారు.

అందరినీ ఇళ్ళలో కూర్చోబెడితే చేలు పచ్చగా ఎలా ఉంటాయి, ఊడ్చేదెవరు అని మీరు అడగొచ్చు. ఆ ఏర్పాటు ఇప్పటికే అయిపోయింది. ఊడ్పులకి బెంగాల్ నుంచి ముఠాలు దిగుతున్నాయి. ఎకరానికి ఇంతని మాట్లాడుకుని, వరస తప్పకుండా నాటేసి, గట్టు మీదే వండుకు తిని పక్క ఊరికి పోతున్నారు. వాళ్ళని తుడవడం మరీ తేలికట. ఎవరూ పేరు అడగలేదు, ఓటు ఈ రాష్ట్రంలో లేదు.