అగ్రగామికి జరుగుతున్న అన్యాయం

లోకంలో అన్యాయాలకు కొదవ లేదు. అయినా డేటా మైనింగ్ సాఫ్ట్‌వేర్, అంటే కుప్పలకొద్దీ డేటాలో దాగిన పోలికలు వెతికిపెట్టే సరుకు, అమ్మే కంపెనీల ప్రచార విభాగాలకు వికీపీడియాలో జరుగుతున్న అన్యాయం మీద ఇంతవరకు ఒక్క ఖండన ప్రకటన కూడా వెలువడకపోవడం నాగరిక సమాజానికి తలవంపులు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ప్రచార విభాగంలో ఒక ఉద్యోగి కొత్త ఖాతా తెరుస్తాడు. కంపెనీ పేరే ఖాతా పేరు. దాపరికం ఎరుగని మనిషి. తమ సాఫ్ట్‌వేర్ మీద ఉన్న వ్యాసం తెరిచి చూస్తే మొదటి వాక్యం ‘ఫలానా ఒక డేటా మైనింగ్ సాఫ్ట్‌వేర్’ అని ఉంటుంది. మనసు చివుక్కుమంటుంది. దాన్ని ‘ఫలానా ప్రపంచంలోనే అగ్రగామి, అత్యంత శక్తిమంతమైన, వాడడానికి అతి సులువైన, సంస్థల నిర్ణయాలను సమూలంగా మార్చివేసే సమగ్ర డేటా మైనింగ్ పరిష్కారం’ అని దిద్ది, తృప్తిగా లేస్తాడు. తిరిగి వచ్చి చూస్తే విశేషణాలన్నీ ఎగిరిపోయి ‘ఒక’ మాత్రం మిగిలి ఉంటుంది. ఖాతాను కూడా నిరోధించి ఉంటారు, కంపెనీ పేరు పెట్టుకున్నందుకు. నిజాయతీకి దక్కిన బహుమానం అది.

ఆ విశేషణాలు తీసిన వికీపీడియా సంపాదకుడికి జీతం లేదు, బత్తెం లేదు. ఎవరూ పిలవకుండా వచ్చి, అర్ధరాత్రి ఎవరి వాక్యంలోనో ‘అగ్రగామి’ని కొట్టేసి హాయిగా నిద్రపోయే మనిషి. మన ఉద్యోగి అలా కాదు. పనిచేసినందుకు నెల నెలా జీతం పుచ్చుకుంటాడు. సమాజంలో ఎక్కడైనా జీతగాడి మాటకే విలువ. ఇక్కడ మాత్రం జీతం తీసుకోవడమే నేరమైంది. 2014 జూన్ నుంచి, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నిబంధనల ప్రకారం డబ్బు పుచ్చుకుని రాసేవాళ్లు ఎవరి కోసం రాస్తున్నారో బయటపెట్టాలి. ప్రచారం ఎవరు చేయిస్తున్నారో చెప్పేస్తే ఇక అది ప్రచారమెలా అవుతుందో ఈ నిబంధన రాసినవాళ్లే చెప్పాలి.

పోనీ ఆధారాలు చూపిద్దామంటే అక్కడా చిక్కే. సాఫ్ట్‌వేర్ గురించి దాన్ని తయారుచేసినవాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? అందుకే ఉద్యోగి తమ కంపెనీ కరపత్రాన్నే ఆధారంగా ఇస్తాడు. చెల్లదంటారు. కంపెనీతో సంబంధం లేని మూలం కావాలట, అంటే విషయం తెలియనివాళ్ల సాక్ష్యం. ఇలాంటి పట్టుదలకు విరుగుడు కనిపెట్టిన మేధావులు లేకపోలేదు. ముందు వ్యాసంలో ఏ మూలో ఒక పొగడ్త పడేస్తారు. ఎవరి కంటా పడకుండా అది కొన్నాళ్లు బతికితే, తీరిక లేని విలేఖరి ఒకడు దాన్ని ఎత్తి తన కథనంలో పెట్టుకుంటాడు. అప్పుడు ఆ కథనాన్ని తెచ్చి పొగడ్త పక్కనే ఆధారంగా తగిలిస్తారు. ఈ విధంగా వాక్యం తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. స్వావలంబనకు ఇంతకు మించిన నిదర్శనం ఏముంది?

ఇక సాఫ్ట్‌వేర్ల జాబితా. డేటా మైనింగ్ మీద ఉన్న వ్యాసంలో క్లస్టరింగ్ (పోలికున్నవాటిని గుంపులు చేయడం), క్లాసిఫికేషన్ (తెలిసిన వర్గాల్లోకి విడదీయడం) లాంటి భాగాలు ఎవరికీ పట్టవు. తరచూ కలిసి కనబడే వస్తువులను కనిపెట్టడానికి 1994లో అగ్రవాల్, శ్రీకాంత్ ప్రతిపాదించిన అప్రియోరీ అల్గారిథమ్‌ను ఎవరైనా తప్పుగా వివరిస్తే ఆ తప్పు నిశ్చింతగా కాపురం చేసుకోవచ్చు. జాబితాలో ఒక పేరు కదిలిందా, ఇక యుద్ధమే. సొంత వ్యాసం ఉన్న సాఫ్ట్‌వేర్ల పేర్లే అక్కడ ఉండాలంటారు సంపాదకులు. ఎర్ర లింకుతో, అంటే సొంత వ్యాసం లేకుండా, వచ్చిన పేరు సాయంత్రానికి ఉండదు. ఎలాగో చేరినవాళ్లు తమ పేరును పైకి జరుపుకుంటారు, మరొకరు అక్షరక్రమం పేరుతో కిందికి దింపుతారు. వచ్చే ఏడాది విడుదలయ్యే సాఫ్ట్‌వేర్లన్నీ ‘ఆ’తోనో ‘ఏ’తోనో మొదలైతే కారణం వెతకనక్కర లేదు.

ఈ జాబితాలో పాతకాపుల తీరు చూస్తే జాలేస్తుంది. న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం 1993లో మొదలుపెట్టిన వెకా అనే సాఫ్ట్‌వేర్‌కు ఎగరలేని పక్షి పేరు పెట్టుకున్నారు. ఎగరలేనిది! ఏ ప్రచార విభాగమైనా ఒప్పుకుంటుందా? జర్మనీలోని డార్ట్‌మండ్‌లో 2001లో మొదలైన మరో సాఫ్ట్‌వేర్ పూర్తి పేరుకు ‘ఇది కూడా ఇంకొకటి’ అన్నంత అర్థమే వచ్చేది. పొట్టిగా యేల్ అనేవారు. 2007లో బుద్ధి తెచ్చుకుని ర్యాపిడ్‌మైనర్ అయింది. వినయం వదిలించుకున్నాక వ్యాపారం చేతులు మారేంత విలువ పలికింది. 2022లో ఆల్టెయిర్ అనే కంపెనీ కొనేసింది.

పేర్లు మారినప్పుడల్లా వ్యాసం పేరూ మార్చాలి, పాత పేరు నుంచి దారి మళ్లించాలి, ఏ పేరుతో ఉంచాలో చర్చించాలి. 1994లో క్లెమెంటైన్‌గా పుట్టిన సాఫ్ట్‌వేర్, 2009లో పీఏఎస్‌డబ్ల్యూ మోడలర్ అయి, అదే ఏడాది దాని యజమాని ఎస్‌పీఎస్‌ఎస్ కంపెనీని ఐబీఎం సంస్థ కొన్నాక ఐబీఎం ఎస్‌పీఎస్‌ఎస్ మోడలర్‌గా స్థిరపడింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మారిన పంక్తుల కంటే దాని పేరు మీద చర్చాపేజీల్లో పడే పంక్తులే ఎక్కువని ఎవరైనా అంటే నేను వాదించను.

వ్యాసం పక్కన వేసే బొమ్మ సంగతి కూడా చెప్పాలి. వ్యాసంలో ‘కోటానుకోట్ల వరుసల డేటాను కనురెప్పపాటులో విశ్లేషిస్తుంది’ అని ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో ఐరిస్ పూల కొలతలు ఉంటాయి. 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ తన పరిశోధన పత్రంలో వాడిన ఆ పట్టికలో మొత్తం 150 పూలు, మూడు జాతులు, జాతికి 50. చేత్తో కూడా వేరు చేయగలిగేటన్ని. మహాశక్తికి ఇంతకంటే సౌమ్యమైన ప్రదర్శన లేదు.

ఇవన్నీ ఓర్చుకున్నా చివరికి రద్దుల పోరు తప్పదు. 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఎదుటివారి మార్పును తిప్పికొట్టకూడదని ఇంగ్లిష్ వికీపీడియా నియమం. మూడు అయిపోగానే, ఆ రోజే పుట్టిన మరో నాలుగు ఖాతాలు ఎక్కడినుంచో వచ్చి అదే పొగడ్తను, అదే అక్షరదోషంతో, అదే చోట పెడతాయి. ఇవి ఒకరివేనని సంపాదకులు పట్టేస్తారు. డేటాలో దాగిన పోలికలు కనిపెట్టే సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవారి ఖాతాల్లో పోలికలు కనిపెట్టడం ఎంత అమర్యాద!

ఈ అమర్యాద మనుషులతో ఆగినా బాగుండేది. విసిగిపోయిన మన ఉద్యోగి ఒకరోజు పోటీ కంపెనీ వ్యాసంలో ఒక భాగాన్ని మొత్తంగా ఊడబెరికాడనుకోండి. అది క్షణాల్లో తిరిగి మొలుస్తుంది. మొలిపించేది 2010 నుంచి అక్కడ కాపలా కాస్తున్న క్లూబాట్ ఎన్‌జీ అనే యంత్రం. మనుషులు మంచివి, చెడ్డవి అని గుర్తుపెట్టిన వేలాది దిద్దుబాట్ల నుంచి నేర్చుకుని, న్యూరల్ నెట్‌వర్క్‌తో, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే లెక్కల పద్ధతితో, మార్కులు వేసి, హద్దు దాటినదాన్ని రద్దు చేస్తుంది. అంటే మన ఉద్యోగి పగలంతా ఏ విద్యను అమ్ముతున్నాడో ఆ విద్యే, ఉచితంగా, లైసెన్సు రుసుము లేకుండా అతని మీద ప్రయోగమైంది.

యంత్రం పొరబడిందనుకునేవాళ్లు ఫిర్యాదు చేసుకోవడానికి ఒక ఏర్పాటు ఉంది. అక్కడ మన ఉద్యోగి ఎంతో మర్యాదగా రాస్తాడు: మీ యంత్రంలో లోపముంది, మా అగ్రగామి పరిష్కారం వాడి ఉంటే ఇలా జరిగేది కాదు, వివరాలకు మా అమ్మకాల విభాగాన్ని సంప్రదించండి. ఆ ఫిర్యాదును ప్రకటన కింద జమకట్టి తీసేస్తారు.